చెత్త వాటా

ఆ పరిశోధనశాలలో అందరూ వాళ్ళను పెద్దక్క, చిన్నక్క అనే పిలిచేవారు. సొంత అక్కాచెల్లెళ్ళు. ఒకే చదువు, ఒకే అంతస్తు, ఎదురెదురు గదులు. ఎదుటి గదిలో అక్క ఉందంటే చిన్నక్కకు కొండంత ధైర్యం. ఎదుటి గది తలుపు తెరుచుకుందంటే మాత్రం పెద్దక్కకు కడుపులో భగ్గుమనేది. యాభై దాటిన మనిషి, జుట్టు సగం నెరిసిన మనిషి, చిన్నపిల్లలా ఉడుక్కునేది.

ఎందుకో చెప్పాలంటే పంపకాల దగ్గర మొదలుపెట్టాలి. పొలాలూ ఇళ్ళూ కాదు, వీళ్ళు పంచుకున్నది డీఎన్ఏను.

మనిషి కణాల్లో ఆ మనిషిని తయారుచేసే రాత ఒకటి ఉంటుంది. అక్షరాలు నాలుగే, పొడుగు మాత్రం మూడు వందల కోట్లు. అందులో నూటికి ఒకటి రెండు పాళ్ళు ప్రొటీన్లు ఎలా కట్టాలో చెబుతుంది. దాన్ని కోడింగ్ భాగం అంటారు. మిగతాది ఏం చెబుతుందో ఆ రోజుల్లో తెలిసింది తక్కువ. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనిపించిందో ఏమో, పెద్ద పెద్దవాళ్ళే దానికి చెత్త అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. పెద్దక్క దులుపుకోవడంతో ఆగలేదు. కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం రాసింది. ఎవరి డీఎన్ఏ ఇచ్చినా కోడింగ్ ముక్కల్ని మాత్రం కత్తిరించి దాచి, మిగిలింది పారేస్తుంది. దాని ముద్దుపేరు కత్తెర. అందరూ వాడేవారు, అందరూ మెచ్చుకునేవారు.

అప్పుడు చిన్నక్క కొత్తగా ఉద్యోగంలో చేరింది.

"అక్కా, నాకేం పనిస్తావు?"

"కోడింగంతా నా చేతిలో ఉంది, దాంట్లో వేలు పెట్టకు. కత్తెర కింద పడ్డ ముక్కలున్నాయిగా, అవి ఏరుకో."

"చెత్తా?"

"నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు నీకే ఇస్తున్నానే! ఏ అక్క ఇస్తుంది చెల్లెలికి ఇంత వాటా?"

గదిలో అందరూ విరగబడి నవ్వారు. చిన్నక్క కూడా నవ్వింది. పైగా నిజంగానే ఆ ముక్కల్ని పారేయకుండా దాచుకుంది. చిన్నక్కతో వచ్చిన చిక్కే అది. ఎగతాళి చేసినా పనిగా తీసుకునే మనిషి.

తర్వాత కాలం తిరగబడింది. ఆ చెత్తలో స్విచ్చులున్నాయని ఒక్కొక్కటిగా బయటపడింది. ఏ జన్యువు ఎక్కడ వెలగాలో, ఎప్పుడు ఆరాలో చెప్పే చిన్న చిన్న చోట్లు. బల్బు గదిలో ఉంటే స్విచ్చు ఎక్కడో వసారా చివర ఉన్నట్టు, జన్యువుకు ఎంతో దూరాన ఉంటాయవి. బల్బు బాగానే ఉందని ఎన్నిసార్లు చూసుకుంటే ఏం లాభం, స్విచ్చు పాడైతే గది చీకటే. చిన్నక్క అలాంటి స్విచ్చులు వరసగా పట్టుకుంది. పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. కొత్తగా చేరే పిల్లలు పెద్దక్క గదిలోకి తల పెట్టి, "చిన్నక్క గది ఎటండీ?" అని అడగడం మొదలైంది.

"ఎదురుగానే. వాసన వస్తుంది చూడండి, చెత్త కదా," అనేది పెద్దక్క.

పైకి హాస్యం, లోపల కుతకుత. తను పారేసిందాన్ని ఏరుకుని చెల్లెలు మేడలు కట్టింది. ఇంకెవరైనా అయితే ఓర్చుకునేదేమో. తను వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళిన పిల్ల, చుక్కలు కొలిచే పైపెట్టు ఎలా పట్టుకోవాలో తను నేర్పిన పిల్ల! "తొంభై ఎనిమిది పాళ్ళలో ఏ కొంచెమో పనికొచ్చిందని మొత్తం బంగారమంటే ఎలా?" అని సభల్లో వాదించేది. అందులో తప్పు లేదు, ఆ వాదన ఇప్పటికీ తేలలేదు. చిన్నక్క కూడా, "నిజమే అక్కా, చాలావరకు చెత్తే అయ్యుండచ్చు," అనేది. ఒప్పుకుంటే పెద్దక్కకు ఇంకా ఒళ్ళు మండేది. పోట్లాడని మనిషితో ఏమని పోట్లాడతాం?

అయితే పెద్దక్కకు మిగిలిన గర్వకారణం ఒకటుంది. ఆ అంతస్తు గుమ్మం దగ్గర గోడకు పటం కట్టి తగిలించారు. ఆమెకు పేరు తెచ్చిన మొదటి వ్యాసం, మొదటి పేజీ. అది అమ్మ చెవుడు గురించి.

వాళ్ళమ్మ నూలు మిల్లులో పనిచేసింది. నడివయసు రాగానే వినికిడి తగ్గింది. ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత గంటలు, తర్వాత మనుషులు. అక్కాచెల్లెళ్ళు ఈ చదువులోకి వచ్చిందే అందుకు. పెద్దక్క అమ్మ కోడింగ్ భాగమంతా అక్షరం అక్షరం చదివి, తప్పు ఒక్కటీ లేదని తేల్చింది. ఇది వంశంలో వచ్చిన చెవుడు కాదు, మిల్లు మోత తెచ్చిన చెవుడు అని రాసింది. ఆ రాతతో ఎందరో మిల్లు కార్మికుల చెవులకు రక్షణ వచ్చింది, అది చిన్న విషయమేమీ కాదు. అదే ఊపులో తన సొంత కోడింగ్ భాగం కూడా చదువుకుని, "శుభ్రంగా ఉంది, నా చెవులకు ఢోకా లేదు," అని ఇంట్లో ప్రకటించింది.

"మరి మామయ్య?" అంది అప్పట్లో చిన్నక్క. అమ్మ తమ్ముడు తోటమాలి. మిల్లు గేటు కూడా తొక్కలేదు. అతనికీ అదే వయసులో చెవులు పోయాయి.

"వయసే. వయసొస్తే అందరికీ పోతాయి," అంది పెద్దక్క. అక్కడితో ఆ మాట మూసేసింది.

చిన్నక్క మూయలేదని ఇన్నేళ్ళకు తెలిసింది. ఒక ఉదయం కాఫీ కప్పుతో అక్క గదిలోకి వచ్చి, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. అమ్మ డీఎన్ఏలో, కత్తెర పారేసిన భాగంలో, ఒక స్విచ్చు కనిపించింది. ఆ నాలుగు అక్షరాల్లో అందరికీ సి ఉండే చోట అమ్మకు టి ఉంది. మామయ్యకూ అంతే. చెవి లోపలి కణాల్ని నడివయసు తర్వాత కాపాడే జన్యువుకు స్విచ్చది. తనకు మాత్రం ఆ మార్పు రాలేదు.

"మిల్లు మోత తోడై ఉంటుందక్కా, కాదనను. కానీ మొదలు మాత్రం మన ఇంట్లోనే ఉంది."

పెద్దక్క చూపు తలుపు దాటి గుమ్మం దగ్గరి పటం మీదికి పోయింది. ఇది నిజమని తేలితే ఆ పటం దిగిపోతుంది. కత్తెర కత్తిరించి పారేసింది అమ్మ చెవుడినే అని లోకమంతా చెప్పుకుంటుంది. తనకున్న ఒక్క గొప్పా పోయి చెల్లెలి ఖాతాలో చేరుతుంది.

"అయితే?"

"నీ నమూనా కూడా కొంచెం ఇస్తావా? నీకిష్టమైతేనే."

"నా జన్యువులు నేనెప్పుడో చదివేశాను. శుభ్రంగా ఉన్నాయి. నీ చెత్తలోకి నన్ను లాగకు."

చిన్నక్క కాఫీ కప్పు తీసుకుని లేచింది. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

నిజానికి పెద్దక్కకు ఈమధ్య మనుషుల మీదే చిరాకుగా ఉంటోంది. ఆమె లెక్కలో లోకానికి మాట్లాడడం చేతకాకుండా పోయింది. అందరూ నోట్లో నోట్లో గొణుగుతారు. టీవీలో వార్తలు చదివేవాళ్ళూ అంతే. ఇంట్లో ఆయనేమో ఉన్నట్టుండి గట్టిగా అరుస్తాడు. "ఎందుకలా మీద పడతారు?" అంటే బిక్కమొహం వేస్తాడు. పరిశోధనశాలలో మరీ అన్యాయం. చిన్నక్క చుట్టూ పిల్లలు గుంపుగా నిలబడి గుసగుసలాడతారు, నవ్వుతారు. తను దగ్గరికి వెళ్ళగానే నవ్వు ఆపి ఒక్కసారిగా గట్టిగా మాట్లాడతారు. తన గురించి కాకపోతే ఎందుకు ఆపడం?

అన్నిటికీ మించి టైమర్ల గొడవ. బల్ల మీద ప్రతివాళ్ళకీ ఒక చిన్న టైమరుంటుంది. డీఎన్ఏ ముక్కల్ని విడదీయడానికి జెల్లులో కరెంటు పెట్టినప్పుడు టైమర్ కూయగానే ఆపాలి, లేకపోతే నమూనా చివరిదాకా పరిగెత్తి జారిపోతుంది. పెద్దక్క నమూనాలు వరసగా జారిపోయాయి.

"నా టైమర్ ఎవరు నొక్కేస్తున్నారు?" అని ఒకరోజు అంతస్తు అదిరేలా కేకలు వేసింది.

"ఎవరూ నొక్కలేదు పెద్దక్కా, అది ఇందాకట్నించీ..." అంటున్న పిల్లను చిన్నక్క కంటితో ఆపేసింది. పెద్దక్క ఆ కంటిసైగ చూసింది. ఇంకేం సాక్ష్యం కావాలి! అప్పట్నుంచి చిన్నక్క ఏదో పని ఉన్నట్టు తన గదిలోకి రావడం, బల్ల మీద వేళ్ళతో తట్టి, "జెల్లు ఆపావా అక్కా?" అనడం మొదలైంది. కాపలా కాస్తోంది, పనిలో తప్పులు పట్టడానికి తిరుగుతోంది అనుకుని పెద్దక్క పళ్ళు కొరికింది.

అమ్మ పెద్దక్క ఇంట్లోనే ఉండేది. పెదాల కదలిక చూసి మాటలు పట్టుకోవడం ఆవిడకు ఎప్పుడో అలవాటైపోయింది. ఆ ఆదివారం పెద్దక్క ఎదురుగా కూర్చుని చెల్లెలి మీద ఉన్నవీ లేనివీ ఏకరువు పెట్టింది. అమ్మ అంతా చూసి, ఆఖరున దాంతో సంబంధం లేని మాటొకటి అంది.

"నువ్వీమధ్య నా మొహంలోకే చూసి మాట్లాడుతున్నావే, పెద్దదానా. ఇదివరకు పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టేదానివి."

"నీ మీద ప్రేమ పెరిగిందిలే అమ్మా."

అమ్మ నవ్వలేదు. ఆమె బుగ్గ నిమిరి, కిటికీ వైపు తిరిగింది.

చిన్నక్క తను కనుక్కున్నది సంస్థ సభలో చెప్పే రోజు ఖాయమైంది. పెద్దక్కకు అన్నం సయించలేదు. ఏదో ఒకటి చెయ్యాలి. అప్పుడే బుర్రలో మెరిసింది. అమ్మ మార్పు తనకూ వచ్చి ఉంటే? వచ్చి ఉంటే ఎంత బాగుండు! ఈ వయసులో తన చెవులు నిక్షేపంగా ఉన్నాయి. మార్పు ఉండి కూడా చెవులు పనిచేస్తున్నాయంటే స్విచ్చూ లేదు, గిచ్చూ లేదు. చెల్లెలి మేడ మొత్తం పేకమేడలా కూలిపోతుంది. సొంత ఒంట్లో జబ్బు రాత ఉండాలని కోరుకున్న మనిషి లోకంలో ఇంకొకరు ఉంటారో లేదో గాని, పెద్దక్క మాత్రం నిలువెల్లా కోరుకుంది.

పాత కంప్యూటర్లో తన డీఎన్ఏ వెతికింది. ఆ భాగం లేదు. ఎలా ఉంటుంది, కత్తెర ఎప్పుడో పారేసింది. దూదిపుల్లతో చెంప లోపల గీరుకుని, అందరూ భోజనానికి వెళ్ళిన వేళల్లో దొంగలా తనే పని మొదలుపెట్టింది. ఆ చోటుకు లక్షల నకళ్ళు తీసి, యంత్రంలో పెట్టి, ఫలితం వచ్చాక తెర మీదికి వంగింది.

అక్కడ టి ఉంది.

అమ్మకున్నట్టే, మామయ్యకున్నట్టే. పెద్దక్క కుర్చీలో వెనక్కి వాలి, చాలాకాలానికి మనసారా నవ్వుకుంది. పక్కన టైమర్ ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. అది ఎప్పట్నుంచి కూస్తోందో ఆమెకు పట్టలేదు.

సభ రోజు ముందు వరసలో నడుమ కుర్చీలో కూర్చుంది. హాలు నిండిపోయింది. పక్క సంస్థ నుంచి వచ్చిన చెవి డాక్టరు, గడ్డం ఆయన, వెనక గోడ దగ్గర ఎక్కడో చోటు వెతుక్కున్నాడు. చిన్నక్క బోర్డు మీద మార్కరుతో వంశపటం గీసింది. ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు చదరం. చెవుడుంటే నలుపు నింపడం, లేకపోతే ఖాళీగా వదిలేయడం. చేత్తోనే గీయాలన్న పద్ధతి పెద్దక్క నేర్పిందే. అమ్మ సున్నా నలుపు. మామయ్య చదరం నలుపు. అమ్మ కింద ఒకే ఒక గీత, దాని చివర ఖాళీ సున్నా. అది చిన్నక్క.

పెద్దక్క సున్నా అసలు లేదు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వాటా ఇచ్చిన తనను, పని నేర్పిన తనను ఇంటి పటంలోంచే తీసేసింది! అమ్మకు ఒక్కతే కూతురైనట్టు, ఆ ఒక్కతీ తనే అయినట్టు! ఇన్నేళ్ళ అక్కసూ ఒక్కసారి గొంతులోకి వచ్చింది. చిన్నక్క మాట పూర్తికాకుండానే లేచి నిలబడి, సభ వైపు తిరిగింది.

"ఈ పటంలో ఒక కూతురు తక్కువైంది. అది నేను. నా డీఎన్ఏలో ఆ చోటు నేనే చదివాను. నాకూ అమ్మకున్న మార్పే ఉంది." అందరి మొహాల మీద ఆశ్చర్యం చూసి ఆనందించింది. "చెల్లెలి కంటే నేను పెద్దదాన్ని. నా చెవులు మీ అందరి చెవుల్లాగే పనిచేస్తున్నాయి. మరి ఈ స్విచ్చు దేనికి పనికొస్తున్నట్టు? చెత్త చెత్తే."

చిన్నక్క వైపు తిరిగింది, మొహం ఎలా మాడిపోయిందో చూద్దామని. చిన్నక్క మొహం మాడలేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. అక్క భుజం మీదుగా వెనక్కి చూస్తూ, వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది.

పెద్దక్కకు అర్థం కాలేదు. ఎవరికి వద్దంటోంది? మళ్ళీ సభ వైపు తిరిగింది. తలలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి. ముందు వరసవాళ్ళూ, పక్కవాళ్ళూ, అందరూ గోడ దగ్గరికి చూస్తున్నారు. తర్వాత ఒక్కొక్క తలా మెల్లగా ఇటు తిరిగి ఆమెను చూసింది, జవాబు కోసం. మళ్ళీ అందరూ వెనక్కి. మళ్ళీ ఆమె వైపు. అప్పుడు చూసింది వెనక గోడ దగ్గర గడ్డం డాక్టరును. లేచి నిలబడి ఉన్నాడు. గడ్డంలో పెదాలు కనబడడం లేదు. గడ్డం మాత్రం కదులుతోంది. ఆయన ఆమెనేదో అడుగుతున్నాడు, అడగడం అది ఎన్నోసారో మరి. హాలంతా విన్నది, ఆమె ఒక్కతే వినలేదు.

 గొణుగుళ్ళు, గుసగుసలు, జారిపోయిన జెల్లులు, ఇంట్లో ఆయన కేకలు, బుగ్గ నిమిరిన అమ్మ చెయ్యి, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. కోడింగ్ శుభ్రంగా ఉంది కనుక చెవులూ శుభ్రంగా ఉన్నాయనుకుంది. చదివిన ఆ రెండు పాళ్ళనే నమ్మి, ఒంటి మీదున్న చెవుల్ని నమ్మలేదు. ఇలా పప్పులో కాలేయాలంటే మామూలు చదువు చాలదు.

ఈలోపు చిన్నక్క వేదిక దిగి దగ్గరికి వచ్చింది. మొహం ఎదురుగా పెట్టింది.

"ఏమడుగుతున్నాడే ఆయన?"

"నువ్వు చెవులు ఎప్పుడు చూపించుకున్నావని. నేను చెప్తాలే, నువ్వు కూర్చో అక్కా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి టైమర్ మోగినప్పుడల్లా వచ్చి బల్ల తట్టేదానివా?"

చిన్నక్క తల ఊపింది.

"మరి బోర్డు మీద నన్నెందుకు గీయలేదు? నన్ను గీసుంటే నీ మాటకు బలమొచ్చేదిగా. మామయ్య పక్కన ఇంకో సాక్ష్యం."

"నల్లగా గీయాల్సొచ్చేది. నీకే తెలియంది ఊరందరికీ నేనెలా చెప్పను?"

పెద్దక్కకు ఏడుపు రావలసిందే. వచ్చింది కూడా. కానీ దాని కింద అదే పాత మంట కూడా కదిలింది. ఇందులోనూ ఇదే గెలిచింది! స్విచ్చు విషయంలో గెలిచింది, మంచితనంలోనూ గెలిచింది. తను పడగొట్టాలని తెచ్చిన రుజువే చెల్లెలి మేడకు ఆఖరి ఇటుకైంది. ఇన్నాళ్ళూ కాపలా అనుకున్నది కనిపెట్టుకుని ఉండడమా! కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు మిగల్చని ఈ మనిషితో ఎలా వేగడం?

చిన్నక్క చేతిలోంచి మార్కరు లాక్కుని వేదిక ఎక్కి బోర్డు దగ్గరికి నడిచింది. చిన్నక్క వెనకే వచ్చింది. అమ్మ కింద ఇంకో గీత గీసింది, చెల్లెలి గీతకు ఎడమ పక్కన, పెద్దవాళ్ళు ఉండాల్సిన చోట. దాని చివర సున్నా చుట్టింది, చెల్లెలి సున్నా కంటే కాస్త పెద్దదే చుట్టింది. తీరిగ్గా, అంచు దాటకుండా, నల్లగా నింపింది. చిన్నక్క సున్నా దాని పక్కన తెల్లగా ఉండిపోయింది.

"చూసుకో," అంది చెల్లెలితో. తన గొంతు తనకే దూరంగా ఉందని మొదటిసారి గమనించింది. "అమ్మ ఇది నాకే ఇచ్చింది. నీకు ఇవ్వలేదు."

చిన్నక్క ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. హాల్లో చేతులు కదిలాయి. చప్పట్లు పలచగా, పక్కింట్లో ఎవరో కొడుతున్నట్టు వినిపించాయి పెద్దక్కకు. ఆమె సభను ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. ఎవరి కళ్ళు ఎవరి మీద ఉన్నాయో తేల్చుకోలేకపోయింది.

"ఎవరికే ఆ చప్పట్లు?"

చిన్నక్క మొహం దగ్గరగా పెట్టి, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పింది.

"మనిద్దరికీ."

సగమేనా అని పెద్దక్క మూతి ముడుచుకుంది. చెల్లెలి చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుని వేదిక మెట్లు దిగింది.